ఏ చెయ్యి నుంచి తీశావమ్మా?

నాన్నకు హెర్నియా ఆపరేషన్ అయిన రాత్రి అది. కోస్తాలో ఓ పట్టణం, ఓ ప్రైవేటు ఆసుపత్రి, మగవాళ్ల వార్డు. నోటితో ఏమీ ఇవ్వొద్దన్నారు కాబట్టి ఎడమ చేతికి డీఎన్ఎస్ సెలైన్ బాటిల్ ఎక్కుతోంది. ఇరవై ఏళ్ల నుంచి షుగర్ ఉన్న మనిషి కనుక నాలుగు గంటలకోసారి జీఆర్‌బీఎస్ చూడమని కేస్ షీట్‌లో రాశారు. గ్లూకోమీటర్‌తో చక్కెర చూడటానికి మన ఆసుపత్రుల్లో డాక్టరు మొదలు ఆయా దాకా అందరి నోటా వినిపించే మాట అదే.

రాత్రి రెండింటికి ట్రైనీ నర్సు వచ్చింది. పట్టుమని ఇరవై ఏళ్లుండవు. అప్పటికే నాలుగు వేళ్లకు పొడిపించుకున్న నాన్న, మళ్లీనా అన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆ పిల్లకు జాలేసింది. "ఉండండి తాతగారూ, నొప్పి లేకుండా తీస్తా" అని ఎడమ చేతి కాన్యులా నుంచే సిరంజితో కాస్త రక్తం లాగి, ఒక చుక్క స్ట్రిప్‌కు తాకించింది. అయిదు సెకన్లు. 486.

ఏ అంకెకు ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో చెప్పే స్లైడింగ్ స్కేల్ చార్టు చూసి ఆమె ఇన్సులిన్ తీస్తుండగా, పక్క మంచం దగ్గరున్న నైట్ ఇన్‌ఛార్జి సిస్టర్ తల తిప్పకుండానే అడిగింది: "ఏ చెయ్యి నుంచి తీశావమ్మా?"

కుడి చేతి ఉంగరం వేలు కడిగించి, తుడిచి, మళ్లీ చూశారు. 152.

మీటరు చెడిపోలేదు. స్ట్రిప్ పాతది కాదు. రెండుసార్లూ మీటరు నిజమే చెప్పింది, తనకు అందిన చుక్క గురించి. డీఎన్ఎస్‌లో గ్లూకోజ్ 5 శాతం ఉంటుంది. అంటే ప్రతి వంద మిల్లీలీటర్లకు 5 గ్రాములు, మన రిపోర్టుల లెక్కలో చెప్పాలంటే డెసిలీటరుకు 5000 మిల్లీగ్రాములు. మనిషి రక్తంలో 150 ఉన్నచోట ఈ 5000 ద్రవం వందలో ఏడు వంతులు కలిస్తే చాలు, అంకె 486 దగ్గరికి ఎగబాకుతుంది. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఇచ్చేసి ఉంటే, తెల్లవారేలోపు ఆయన చక్కెర ఎక్కడికి జారేదో ఊహించుకోవడానికి డాక్టరే కానక్కర్లేదు. ఇంట్లో ఉన్న మనిషికి షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, "ఏమే, కాస్త చక్కెర నీళ్లియ్యి" అని అడుగుతాడు. మత్తు వదలని మనిషి ఏమీ అడగడు.

ఆ రాత్రి నుంచీ ఈ అరచేతి మిషన్ మీద నాకు ఆసక్తి పట్టుకుంది. తవ్విన కొద్దీ తేలిందేమిటంటే, ఇంట్లో ఉండే గ్లూకోమీటరు, వార్డులో తిరిగే గ్లూకోమీటరు చూడటానికి కవలల్లా ఉన్నా వాటి బాధ్యతలు ఒకటి కావు. ఇంట్లో ఒకే మనిషి, ఒకే వేలు, ఒకే సూది. వార్డులో ఒకే మీటరు ముప్ఫై వేళ్ల దగ్గరికి వెళుతుంది. ఆ వేళ్లలో కొన్నింటికి రక్తం సరిగా అందదు. పుట్టి ఒక పూటైనా కాని పిల్లల మడమల దగ్గరికీ అదే వెళుతుంది.

ఆసుపత్రిలో పుట్టి, ఇంటికెళ్లి...

విచిత్రమేమంటే ఈ మిషన్ అసలు ఆసుపత్రి కోసమే పుట్టింది. 1960ల మధ్యలో అమెరికాలో ఏమ్స్ అనే కంపెనీ డెక్స్ట్రోస్టిక్స్ అనే కాగితపు పట్టీలు తెచ్చింది. దాని మీద పెద్ద రక్తపు చుక్క వేసి, సరిగ్గా ఒక నిమిషం ఆగి, నీళ్లతో కడిగేసి, తేలిన నీలం రంగును సీసా మీది రంగుల పట్టికతో పోల్చి చూసేవారు. మనిషి మనిషికీ కన్ను వేరు కదా. అందుకని ఆ రంగును వెలుతురుతో కొలిచే మీటరును అదే కంపెనీలో ఆంటన్ క్లెమెన్స్ తయారుచేశాడు. 1970 ప్రాంతంలో బజారుకొచ్చిన ఆ పెట్టె బరువు కిలోకు పైమాటే. రాత్రిపూట లాబ్ మూసేశాక అత్యవసర విభాగానికి ఎవరైనా స్పృహ లేకుండా వస్తే, తాగి పడిపోయాడా, షుగర్ వల్ల పడిపోయాడా తేల్చుకోవడానికి అది పనికొస్తుందని ప్రచారం చేశారు. డాక్టర్లకు తప్ప అమ్మేవారు కాదు.

చిన్నప్పటి నుంచీ డయాబెటిస్‌తో బతుకుతున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు దాని ప్రకటన చూశాడు. తనకు అమ్మరు. భార్య డాక్టరు కాబట్టి ఆవిడ పేరు మీద కొనిపించుకున్నాడు. రోజుకు అయిదారుసార్లు తన రక్తం తానే చూసుకుంటూ, తిండినీ ఇన్సులిన్‌నీ సవరించుకుంటూ పోయాడు. పేషెంటు తన చక్కెర తానే చూసుకోవడమేమిటని అప్పటి వైద్యలోకం పెదవి విరిచింది. నలభై అయిదేళ్ల వయసులో ఆయన వైద్య కళాశాలలో చేరి తానే డాక్టరయ్యాడు.

1980ల్లో మీటర్లు ఇళ్లలోకి వచ్చేశాయి. 1987లో పెన్ను ఆకారంలో ఎగ్జాక్‌టెక్ వచ్చింది. రంగును కాకుండా కరెంటును కొలిచే పద్ధతి దానితో మొదలైంది. చుక్క చిన్నదైంది, ధర తగ్గింది, వాడకం పిల్లలకు కూడా తేలికైంది. అంత తేలికైన వస్తువును చూసి ఆసుపత్రులు మళ్లీ లోపలికి పిలిచాయి. అలా ఆసుపత్రి కోసం పుట్టి, పేషెంటు ఇంటికెళ్లి పెరిగి, చివరికి ఆ ఇంటి బట్టల్తోనే వార్డుకు తిరిగొచ్చింది మీటరు. నేటి చిక్కుల్లో సగం ఇక్కడే ఉన్నాయి.

అర మైక్రోగ్రాము

స్ట్రిప్ కొసన ఒక సన్నని సందు ఉంటుంది. కిరోసిన్ వత్తి నూనె పీల్చినట్టు అది రక్తాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఇప్పటి స్ట్రిప్‌లకు అర మైక్రోలీటరు చాలు. ఆవగింజ కన్నా చిన్న చుక్క. లోపల ఎండబెట్టి పూసిన ఎంజైమ్ ఉంటుంది. కొన్నింట్లో గ్లూకోజ్ ఆక్సిడేజ్, కొన్నింట్లో గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్. అది గ్లూకోజ్ అణువును పట్టుకుని ఎలక్ట్రాన్లను లాగుతుంది. మధ్యవర్తి రసాయనం ఒకటి వాటిని మోసుకెళ్లి ఎలక్ట్రోడుకు అప్పజెబుతుంది. ఎన్ని ఎలక్ట్రాన్లొస్తే అంత కరెంటు, ఎంత కరెంటుంటే అంత చక్కెర. మీటరుకు తెలిసిన విద్య ఇంతే. ఆ కరెంటు ఎవరిచ్చారో దానికి తెలియదు.

ఒక లెక్క చూడండి. రక్తంలో చక్కెర 100 ఉన్న మనిషి దగ్గర అర మైక్రోలీటరు తీసుకుంటే అందులో ఉండే గ్లూకోజ్ అర మైక్రోగ్రాము. గ్రాములో ఇరవై లక్షల వంతు. వేలి కొసన, చర్మపు గీతల్లో, ఇంకో అర మైక్రోగ్రాము గ్లూకోజ్ అంటుకుని ఉండి చుక్కలో కరిగిందంటే 100 కాస్తా 200 అవుతుంది.

2011లో జపాన్ పరిశోధకులు దీన్ని వేళ్ల మీదే పరీక్షించి డయాబెటిస్ కేర్ పత్రికలో రాశారు. ఆరోగ్యవంతుల చేత నారింజ, ద్రాక్ష, కివీ పండ్లు ఒలిపించి, చేతులు కడగకుండా పరీక్షిస్తే అంకెలు అసాధారణంగా ఎక్కువొచ్చాయి. అంతకన్నా ఆశ్చర్యం, స్పిరిట్ దూదితో తుడిచినా ఆ తేడా పోలేదు. కుళాయి నీళ్లతో కడిగాక పోయింది. మన వార్డుల్లో అలవాటు తిరగబడి ఉంది. నీళ్ల ఊసుండదు, స్పిరిట్ దూది మాత్రం మరిచిపోరు. ఆ స్పిరిట్ ఆరకముందే పొడుస్తారు. పేషెంటు పక్కన బత్తాయిలు ఒలిచిన తొక్కలు అలాగే ఉంటాయి. లేవలేని మనిషికి తడిబట్టతో వేలు తుడిచి ఆరనివ్వాలి. అదీ కుదరకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క వాడాలి. చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టిన మనిషికి ఇంత ప్రమాదం లేదు. పంచదార అంటే సుక్రోజ్, దాన్ని ఈ ఎంజైమ్ పట్టించుకోదు. గ్లూకోజ్ పొడితో, పండ్ల రసంతోనే తంటా.

వేలు పిండటం ఇంకో జాడ్యం. చుక్క రాలేదని వేలి కణుపు దగ్గర నుంచి పిండుకొస్తే రక్తంతో పాటు కణాల మధ్య ఉండే నీరు కూడా దిగుతుంది. చెయ్యి కిందికి వేలాడదీసి, కాసేపు వెచ్చబెట్టి, వేలి కొస మధ్యలో కాక పక్కన పొడిస్తే పిండే పని పడదు, నొప్పీ తక్కువ. ఆ రాత్రి నాన్న వేళ్ల మీద గాట్లన్నీ నడిబొడ్డునే ఉన్నాయి.

ఎంత తప్పును ఒప్పుకోవాలి?

మీటరు ఎంత బాగున్నా కొంత తేడా సహజం. ఎంత తేడాను సహించాలో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 చెబుతుంది. 2013 నాటి కూర్పు ప్రకారం, 100 లేదా ఆపైన ఉన్నప్పుడు వంద అంకెల్లో 95 అసలు విలువకు 15 శాతం అటూఇటూగా ఉండాలి. 100 కన్నా తక్కువైతే 15 మిల్లీగ్రాములు అటూఇటూ. మిగిలిన అయిదు అంతకన్నా దూరం పోయినా మీటరు పాసే. ఇది తన చక్కెర తాను చూసుకునే మనిషి కోసం రాసిన ప్రమాణమని గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిలో వాడేవాటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. వందకు 95 అంకెలు 12 శాతం లోపల, 98 అంకెలు 15 శాతం లోపల ఉండాలంది. ఇంటి మీటరూ వార్డు మీటరూ ఒకటి కాదని అంత పెద్ద సంస్థ కాగితం మీద పెట్టడానికి అన్నేళ్లు పట్టింది.

ఈ శాతాలు ఎక్కడ నొప్పిస్తాయో రెండు ఉదాహరణలు. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసి, 140 లేదా దాటితే గర్భకాల మధుమేహం అంటారు. పీహెచ్‌సీలో దీన్ని ప్లాస్మాకు సరిచేసిన గ్లూకోమీటర్‌తోనే చూస్తారు. అసలు విలువ 140 ఉన్న తల్లికి మీటరు 119 చూపినా, 161 చూపినా ప్రమాణం లోపలే ఉన్నట్టు. ఒక అంకె చూసి ఏఎన్ఎం "నీకేం లేదమ్మా, వెళ్లు" అంటుంది. ఇంకో అంకె చూసి ఇంటిల్లిపాదీ ఆ రాత్రి అన్నం మానేస్తారు. రెండోది నవజాత శిశువు. పుట్టిన బిడ్డకు 45 చుట్టుపక్కల ఉంటే డాక్టర్లు కంగారుపడతారు. అక్కడ 15 తేడా అంటే 30 కావచ్చు, 60 కావచ్చు. అందుకే పసిబిడ్డకు మీటరు తక్కువ చూపితే వెంటనే వైద్యం మొదలుపెట్టి, ఆ పక్కనే లాబ్‌కూ శాంపిల్ పంపుతారు. రిపోర్టు కోసం కూర్చోరు.

ఐసీయూల్లో ఈ తేడా ఒక పెద్ద వాదానికి ఆజ్యం పోసింది. 2001లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు, ఐసీయూ రోగుల చక్కెరను ఇన్సులిన్‌తో 80-110 మధ్య బిగించి ఉంచితే మరణాలు తగ్గాయని ప్రకటించారు. ప్రపంచమంతా అటు పరుగెత్తింది. 2009లో 6 వేల మందికి పైగా రోగులతో జరిగిన నైస్-షుగర్ అధ్యయనంలో ఫలితం తిరగబడింది. బిగించిన వర్గంలో 27.5 శాతం, వదులుగా ఉంచిన వర్గంలో 24.9 శాతం మరణించారు. ప్రమాదకరంగా చక్కెర పడిపోవడం 0.5 శాతం నుంచి 6.8 శాతానికి చేరింది. రెండు ఫలితాలకూ తేడా ఎందుకన్న చర్చలో చాలామంది వేలు చూపింది కొలత మీద. లూవెన్‌లో ధమని రక్తాన్ని కచ్చితమైన యంత్రంతో కొలిచారు. రెండోచోట రకరకాల మీటర్లు, వేలి చుక్కలు కూడా వాడారు. ఇదొక్కటే కారణమని నేననను. కానీ వెంట్రుకవాసి దారి మీద నడిపించాలనుకున్నప్పుడు దారి చూపే దీపం మిణుకుమిణుకుమంటే ఎలా?

మీటరును ఏమార్చే రక్తం

ఎర్రకణాల సంగతి ముందు చెప్పాలి, మనకు అది బాగా దగ్గరి విషయం కనుక. స్ట్రిప్‌లో గ్లూకోజ్ ఎంజైమ్ దాకా చేరాలంటే ఎర్రకణాల గుంపును తప్పించుకుని వెళ్లాలి. రక్తహీనత ఉన్నవారిలో గుంపు పలచన. గ్లూకోజ్ సులువుగా చేరుతుంది, అంకె ఎక్కువొస్తుంది. పుట్టిన పిల్లల్లో ఎర్రకణాలు దట్టంగా ఉంటాయి, అంకె తక్కువొస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం బాగా తక్కువగా ఉన్న మనిషికి మీటరు 85 చూపిందంటే లోపల 65 కావచ్చు. ఎర్రకణాల శాతాన్ని తానే కొలిచి అంకెను సవరించుకునే మీటర్లు ఇప్పుడున్నాయి. ఆసుపత్రి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కావాలి. మనం అడిగేది స్ట్రిప్ డబ్బా ఎంత అని.

షాక్‌లో ఉన్న మనిషి వేలిది ఇంకో కథ. బీపీ పడిపోయినప్పుడు శరీరం చేతులు, కాళ్లకు రక్తం తగ్గించి గుండె, మెదడులకు మళ్లిస్తుంది. చల్లబడిన వేలిలో నిలిచిన రక్తం, గుండె దగ్గరి రక్తం గురించి నిజం చెప్పదు. బీపీ పెంచే మందులు నడుస్తున్నా, ఒళ్లు బాగా వాచినా అంతే. అలాంటివారికి నరం నుంచో ధమని నుంచో తీసి బ్లడ్ గ్యాస్ యంత్రంలోనో లాబ్‌లోనో చూడటం మేలు. 2014లో ఎఫ్‌డీఏ మొదటిసారిగా ఒక మీటరుకు ఐసీయూ రోగులతో సహా అందరికీ వాడవచ్చని అనుమతి ఇచ్చిందంటే, అప్పటిదాకా అక్కడి ఐసీయూల్లో నడిచినవి ఆ అనుమతి లేనివేనని అర్థం.

ఇక డయాలసిస్ పేషెంట్ల కథ. పొట్టలో ద్రవం నింపి చేసే డయాలసిస్‌లో ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రవాన్ని కొందరికి వాడతారు. అది ఒంట్లో విరిగి మాల్టోజ్ అవుతుంది. గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్‌లో పీక్యూక్యూ అనే ఒక రకం ఉంది. దానికి గ్లూకోజ్‌కూ మాల్టోజ్‌కూ తేడా తెలియదు. రెండింటినీ కలిపి చక్కెరగా లెక్కేస్తుంది. పేషెంటు నిజానికి లో షుగర్‌తో మగతలో ఉంటే మీటరు మాత్రం 250 అంటుంది. నర్సు చార్టు ప్రకారం ఇన్సులిన్ ఇస్తుంది. గంటకు మళ్లీ చూస్తే ఇంకా ఎక్కువే. మళ్లీ ఇన్సులిన్. 1997 నుంచి 2009 మధ్య ఇలాంటి 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని ఎఫ్‌డీఏ 2009 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది. ఆ మరణాలన్నీ ఆరోగ్యకేంద్రాల్లో, శిక్షణ పొందినవారి చేతుల మీదుగా జరిగినవే. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, చార్టు చెప్పినట్టే చేశారు. తర్వాత కంపెనీలు ఎంజైమ్‌ను మార్చాయి. అయినా ద్రవం ఆపిన రెండు వారాల దాకా దాని జాడ రక్తంలో ఉంటుంది కాబట్టి, ఇంటి దగ్గర ఏ డయాలసిస్ చేసుకుంటున్నారో వార్డులో అడగకుండా మీటరు తియ్యకూడదు. స్ట్రిప్ డబ్బాలో మడతలు పెట్టి ఉండే సన్నక్షరాల కాగితంలో ఈ ముక్క ఉంటుంది. ఆ కాగితం ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

పెద్ద మోతాదులో నరం ద్వారా ఇచ్చే విటమిన్-సి కూడా ఎలక్ట్రోడుకు తన ఎలక్ట్రాన్లను ఇచ్చేసి అంకెను పెంచగలదు. కొవిడ్ రోజుల్లో స్టెరాయిడ్ల వల్ల చక్కెర నిజంగానే పెరిగిన వార్డుల్లో, కొందరికి విటమిన్-సి కూడా ఎక్కించారు. ఏది స్టెరాయిడ్ అంకో, ఏది విటమిన్ అంకో మీటరును అడిగితే చెప్పదు.

సూది, రక్తం, పక్క మంచం

ఇంతవరకూ చెప్పినవి అంకె తప్పయ్యే దారులు. అంకె సరిగ్గా ఉండి మనిషి పోయే దారి ఇంకొకటి ఉంది.

2010లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక వృద్ధాశ్రమం. అక్కడ సిబ్బంది సాయంతో చక్కెర చూపించుకునేవారు 15 మంది. వారిలో 8 మందికి హెపటైటిస్-బి సోకింది. ఆరుగురు చనిపోయారు. చక్కెర పరీక్ష అవసరం లేని 25 మందిలో ఒక్కరికీ సోకలేదు. వేలికి పొడిచే పెన్ను లాంటి పరికరాన్ని ఒకరికి మించి వాడారని విచారణలో తేలింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1989-90లో, కాలిఫోర్నియాలోని ఒక ఆసుపత్రిలోనూ ఇదే జరిగింది. అక్కడ సూది ప్రతిసారీ మార్చారు. వేలికి ఆనే మూత భాగాన్ని మార్చలేదు.

"సూది మారుస్తున్నాంగా" అన్న ధీమాను ఈ రెండో కథ పడగొడుతుంది. హెపటైటిస్-బి వైరస్ బాగా ముదిరిన మనిషి రక్తంలో మిల్లీలీటరుకు పది కోట్ల దాకా వైరస్‌లు ఉండవచ్చు. కంటికి ఆనని మైక్రోలీటరు మరకలో లక్ష. ఎండిన మరకలో అది కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సూదిపోటుతో హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యిలో మూడైతే, టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్-బి సోకే అవకాశం వందలో ముప్ఫై దాకా పోతుంది. మనం భయపడేది మొదటిదానికి.

అందుకే వార్డులో పెన్ను ఉండకూడదు. పేషెంటు ఇంటి నుంచి తెచ్చుకున్నది అతనికే, అతని సంచిలోనే ఉండాలి. సిబ్బంది వాడాల్సింది ఒకసారి పొడవగానే సూది లోపలికి ముడుచుకుపోయి మళ్లీ పనిచేయని లాన్సెట్. వాడాక అది తెల్లటి, గుచ్చుకుపోని డబ్బాలోకి పోవాలి, ట్రేలోకి కాదు. చేతి తొడుగులు మంచం మంచానికీ మారాలి. వేసుకున్న తొడుగులతో పది మంచాలు తిరిగే నర్సు తనను కాపాడుకుంటోంది, పేషెంట్లను కాదు.

మీటరు ఒళ్లు కూడా తుడవాలి. రక్తం అంటిన వేళ్లతో పట్టుకుంటాం, దుప్పటి మీద పెడతాం, జేబులో వేసుకుంటాం. మన దగ్గర తుడిస్తే గిస్తే స్పిరిట్‌తో తుడుస్తారు. రక్తం ద్వారా సోకే వైరస్‌ల మీద 70 శాతం స్పిరిట్ నమ్మదగ్గది కాదని, 10 శాతం బ్లీచ్ వాడితే మీటరే పాడవచ్చని ఎఫ్‌డీఏ రెండు వైపులా తలుపులు మూసింది. మిగిలిన దారి, ఆ మీటరు తయారీదారు పరీక్షించి చెప్పిన తుడుపులు వాడటం, చెప్పినంతసేపు తడిగా ఉంచటం. అలాంటివి దొరకని చోట మంచానికో మీటరు కేటాయించడం ఖర్చులా కనిపిస్తుంది గానీ, పోల్చాల్సింది కాలేయం జబ్బుకయ్యే ఖర్చుతో.

ఎండలో స్ట్రిప్, వేరే దేశంలో అంకె

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా కట్టింది. వాళ్లను గుర్తించే పని ఇప్పుడు ఊళ్లోకి వచ్చింది. ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లో, తెలంగాణలో పల్లె దవాఖానలో, గడప గడపకూ తిరిగే ఏఎన్ఎం సంచిలో మీటరు ఉంటుంది. స్ట్రిప్ డబ్బా మీద సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతల వైపు స్కూటీ డిక్కీలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. వేడికి ఎంజైమ్ నీరసిస్తుంది. మూత తీసి వదిలేస్తే గాలిలో తేమకు చెడుతుంది. ఆ మూతలో తేమ పీల్చే మందు పెట్టేది అందుకే. ఫ్రిజ్‌లో పెట్టినా తప్పే, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. ఏడు స్ట్రిప్‌లు తీసి జేబులో వేసుకుని బయల్దేరడం మరీ తప్పు.

స్ట్రిప్ చెడిందో లేదో తేల్చడానికి ఒక చిన్న సీసా ఉంది, కంట్రోల్ సొల్యూషన్. అందులో గ్లూకోజ్ ఎంతుందో ముందే తెలుసు. చుక్క వేస్తే స్ట్రిప్ డబ్బా మీద ముద్రించిన హద్దుల మధ్య అంకె రావాలి. రాకపోతే ఆ రోజు ఆ మీటరు పక్కన పెట్టాలి. మంచి ఆసుపత్రుల్లో రోజూ, కొత్త డబ్బా విప్పినప్పుడల్లా ఇది చేసి పుస్తకంలో రాస్తారు. నాకు తెలిసిన చాలా చోట్ల సిస్టర్లను ఆ సీసా చూపించమంటే నవ్వి ఊరుకున్నారు.

అలాగని లాబ్ చెప్పిందల్లా వేదం కాదు. ట్యూబులో రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తరిగిపోతుంది. బూడిదరంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ దాన్ని ఆపుతుంది, కానీ మొదటి గంటలో అంత చురుగ్గా కాదు. పల్లె నుంచి ఆటోలో, బస్సులో పట్నం లాబ్‌కు చేరిన శాంపిల్ కన్నా, కడిగిన వేలి మీద సరైన స్ట్రిప్ ఎక్కువ నిజం చెప్పే రోజులుంటాయి.

బ్రిటన్‌కు వెళ్లిన మన నర్సులకు ఇంకో తికమక. అక్కడ మీటరు 5.5 అంటుంది. మన లెక్కలో చెప్పాలంటే 18తో హెచ్చవేయాలి, 99. మొదటి వారంలో 15 అన్న అంకె చూసి "పడిపోతున్నాడు" అని గ్లూకోజ్ వైపు చెయ్యి పోవడం సహజం, అసలు అది 270. అదే బ్రిటన్‌లో, 2008లో, నా మొదటి కథకు పెద్దన్న లాంటి సంగతి బయటపడింది. ధమనిలో ఉంచిన గొట్టం మూసుకుపోకుండా ఎక్కించే ద్రవం ఉప్పునీరు కావాలి. పొరపాటున గ్లూకోజ్ బాటిల్ తగిలించారు. ఆ గొట్టం నుంచే రక్తం తీసి చూసి, ఎక్కువుందని ఇన్సులిన్ ఇచ్చుకుంటూ పోయారు. మరణం దాకా వెళ్లిన ఇలాంటి ఘటనల మీద అక్కడి జాతీయ రోగి భద్రతా సంస్థ దేశమంతటికీ హెచ్చరిక పంపింది.

నైట్ ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఈ హెచ్చరిక గురించి తెలుసని నేననుకోను. ఆవిడ చూసింది అంకెను కాదు, మనిషిని. నాలుగు గంటల కిందట 160 ఉన్న మనిషి, ఏమీ తినకుండా, హాయిగా పడుకుని ఉండి 486కు ఎలా వెళతాడు? అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు ఇంకో చెయ్యి, ఇంకో స్ట్రిప్, అప్పటికీ పొసగకపోతే లాబ్. ఆ ట్రైనీ అమ్మాయిని ఆవిడ తిట్టలేదు. 486ను కేస్ షీట్‌లో కొట్టేయనివ్వలేదు కూడా. పక్కన "సెలైన్ చెయ్యి, కాన్యులా శాంపిల్" అని రాయించి, కింద 152, టైము, సంతకం పెట్టించింది.

మీరో, మీవాళ్లో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు జీఆర్‌బీఎస్ ట్రే వస్తే, సెలైన్ లేని చెయ్యి చాపండి. చాపేముందు కడుక్కోండి, కుదరకపోతే తడిబట్ట అడగండి. లాన్సెట్ మీ కళ్ల ముందే విప్పమనండి. పెన్ను కనిపిస్తే వద్దనండి. రక్తహీనత ఉంటే, పొట్ట డయాలసిస్ చేసుకుంటుంటే, విటమిన్-సి ఎక్కిస్తుంటే ముందే చెప్పండి. సిస్టర్ విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి.